పిల్లల సైన్స్ ప్రాజెక్టులో పెద్దల చెయ్యి ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు

సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గరపడిందంటే చాలా ఇళ్ళలో రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుంది. రాత్రి పదకొండింటిదాకా నాన్న థర్మాకోల్ కోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది, పిల్లాడు పక్కనే నిద్రపోతాడు. లేదంటే "నీ ప్రాజెక్టు నువ్వే చేసుకో" అని పూర్తిగా వదిలేస్తారు. అప్పుడు పిల్లాడు చివరి రోజు కొట్టుకెళ్ళి రెడీమేడ్ మోడల్ కొనుక్కొస్తాడు. ఈ రెండిట్లోనూ పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు.

పని పంచుకోవడానికి ఒక సూటి పద్ధతి ఉంది. ప్రమాదం ఉన్నచోట, డబ్బు ఖర్చయ్యేచోట, గడువు గుర్తు చేయాల్సినచోట పెద్దల చెయ్యి ఉండాలి. ప్రశ్న వేయడం, కొలవడం, రాయడం, నలుగురికీ చెప్పడం మాత్రం పూర్తిగా పిల్లలవే. ఏదైనా పని దగ్గర సందేహం వస్తే మిమ్మల్ని మీరే ఇలా అడగండి: "ఇది నేను చేసేస్తే పిల్ల ఏది నేర్చుకోకుండా పోతుంది?" ప్లాస్టిక్ సీసా మెడ కట్టర్‌తో కోసిపెడితే పోయేదేమీ లేదు, వేలు తెగకుండా ఉంటుంది. ఆ సీసా మీద సెంటీమీటర్ల గీతలు మీరు గీస్తే మాత్రం కొలత అంటే ఏమిటో తెలిసే అవకాశమే పోతుంది. గీతలు వంకర పోయినా సరే, పిల్లే గీయాలి.

తరగతిని బట్టి

మూడు నుంచి అయిదో తరగతి పిల్లల పక్కన మొదటినుంచి చివరిదాకా కూర్చోవాలి. ప్రశ్న ఒక్కటే ఉండాలి, ఫలితం వారంలోపు కనిపించాలి. పెసలు చీకట్లో త్వరగా మొలకెత్తుతాయా వెలుగులోనా, ముతక ఇసుకలోంచి నీళ్ళు త్వరగా దిగుతాయా మెత్తటి మట్టిలోంచా, ఇలాంటివి సరిపోతాయి. రాయడం కష్టమైతే పిల్లలు చెప్పింది చెప్పినట్టే మీరు రాయవచ్చు. మాట మార్చకూడదు. "వేరు బయటికొచ్చి ముక్కులా ఉంది" అని చెబితే అలాగే రాయండి. దాన్ని పుస్తకం భాషలోకి దిద్దారంటే అది ఇక వాళ్ళు చూసిన సంగతి కాదు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలైతే ముందు ఒక పేజీ పథకం రాయమనండి. ఏం తెలుసుకోవాలి, ఏది మారుస్తాను, ఏది మార్చకుండా ఉంచుతాను, దేన్ని ఎలా కొలుస్తాను. మీరు అందులో చూడాల్సింది ప్రమాదం, ఖర్చు. మిగతా విషయాల్లో తప్పున్నా దిద్దకుండా ప్రశ్నగా అడగండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మీరు కావాల్సింది డబ్బు ఇవ్వడానికి, కొత్త పనిముట్టు ఒకసారి చూపించడానికి, వాళ్ళు చెప్పేది వినడానికి. వాళ్ళ ప్రయోగంలో చెయ్యి పెట్టారంటే అది దాదాపు ఎప్పుడూ అనవసరమే.

ప్రశ్నను కుదించడం

పెద్దలు నిజంగా సాయపడగలిగే చోటు ఇది. దీన్నే అందరూ వదిలేస్తారు. పిల్లలు మొదట చెప్పే విషయం ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది: నీటి కాలుష్యం, భూగోళం వేడెక్కడం, సౌరశక్తి. వీటితో ఛార్టు అవుతుంది గానీ ప్రయోగం కాదు. వంటసోడా, వెనిగరుతో పొంగే అగ్నిపర్వతం కూడా అంతే. చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో తెలుసుకోవాల్సింది ముందే తెలిసిపోయింది. అదే సోడాను ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు చెంచాలు చేసి, సీసా మూతికి బుడగ తగిలించి, ఏ మోతాదు దగ్గర బుడగ ఇంక పెద్దది కావడం ఆగిపోయిందో చూస్తే అది ప్రయోగం అవుతుంది.

దక్షిణ ఒడిశాలో, మన వైపు ప్రశ్నలకు కొదవ లేదు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లా దాటి సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో గుణుపురం దగ్గర వంశధార, రాయగడ దగ్గర నాగావళి ఎర్రగా పారతాయి. ఆ నీళ్ళు తేరడానికి ఎంతసేపు పడుతుంది? గోపాలపురం తీరం పక్క ఊళ్ళలో ఉప్పునీటికి ఏ విత్తనం తట్టుకుంటుంది? కోరాపుట్ కొండల మీద పండే చోడి (రాగులు) ఎంత లోతులో నాటితే మొలకెత్తదు? పర్లాకిమిడిలో మందార, శంఖుపుష్పం లేని వీధి ఉండదు కదా, ఏ పువ్వు రసం రంగు మారి సబ్బునీళ్ళను బాగా పట్టిస్తుంది? ఇవన్నీ ఇంట్లో చేయదగ్గవి, కొనాల్సింది తక్కువ.

కుదించేటప్పుడు జవాబు మీరు చెప్పకూడదు, అడుగుతూ పోవాలి.

"నీళ్ళు బురదగా ఉన్నాయని నీకెలా తెలుసు?"

"చూస్తే తెలుస్తుంది కదా నాన్నా."

"ఈ గ్లాసు కన్నా ఆ గ్లాసు ఎంత ఎక్కువ బురద?"

ఇక్కడ ఆగండి. పిల్ల ఆలోచిస్తుంది. అయిదు నిమిషాలు పట్టినా, ఆ రోజుకు జవాబు రాకపోయినా ఫర్వాలేదు. "అడుగున ఏదైనా పెట్టి కనిపిస్తుందో లేదో చూడొచ్చా?" అని తనే అన్నరోజు సగం ప్రాజెక్టు అయిపోయినట్టే.

ఒక ప్రాజెక్టు పూర్తిగా: మునగ గింజలతో బురదనీరు తేర్చడం

ఆరు నుంచి పదో తరగతిదాకా ఎవరైనా చేయవచ్చు. పూర్వం మన ఊళ్ళలో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవారు. మునగ గింజ కూడా అదే పని చేస్తుంది. గింజలోని ప్రొటీన్‌కు ధనావేశం, నీళ్ళలో తేలే బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటాయి. రెండూ అంటుకుని గడ్డలు కట్టి బరువెక్కి అడుక్కు దిగుతాయి. పటిక చేసేదీ ఇలాంటి పనే. పిల్ల తెలుసుకోవాల్సింది: లీటరుకు ఎన్ని గింజలు వేస్తే నీళ్ళు ఎక్కువ తేటగా అవుతాయి? పటికతో పోలిస్తే ఎలా ఉంది?

కావాల్సినవి: ఒకే రకం లీటరు సీసాలు ఆరు, రెండు బకెట్లు, బాగా ఎండి చెట్టుమీదే పగిలిన మునగకాయల్లోని గింజలు ఓ పాతిక, కిరాణా కొట్టులో దొరికే పటిక గడ్డ, చిన్న కల్వం, పల్చటి నూలు గుడ్డ, సిరప్ సీసాతో వచ్చే మిల్లీలీటర్ల గీతలున్న కప్పు, సూది లేని సిరంజి, పొడుగాటి గాజు గ్లాసు, స్కేలు. కూరకు కోసే పచ్చికాయల గింజలు పనికిరావు. ఏడాది దాటినవి, బూజు పట్టినవి కూడా సరిగా పనిచేయవు. ప్రయోగం తేలిపోవడానికి చాలాసార్లు గింజలే కారణం.

అక్టోబరు దాటితే నదినీళ్ళు తేటపడతాయి, ఎగ్జిబిషన్లు మాత్రం తరచు ఆ తరవాతే ఉంటాయి. కాబట్టి బురదనీళ్ళు తయారు చేసుకోవాలి. పది లీటర్ల బకెట్టులో రెండు దోసిళ్ళ చెరువుమట్టి గానీ వరిమడి బంకమన్ను గానీ వేసి బాగా కలిపి అరగంట వదిలేయాలి. ఇసుక అడుక్కు దిగుతుంది. పైనున్న నీళ్ళను మాత్రం రెండో బకెట్టులోకి వంచుకోవాలి. సీసాలు నింపేముందు ప్రతిసారీ ఈ రెండో బకెట్టును గరిటెతో కలపాలి. కలపకుండా నింపితే మొదటి సీసాలో పల్చగా, చివరి సీసాలో చిక్కగా పడుతుంది. అప్పుడు తేడా గింజలవల్ల వచ్చిందా నింపడంవల్ల వచ్చిందా ఎవరూ చెప్పలేరు. ఇది పిల్లకు ముందే చెప్పకండి. నింపిన ఆరు సీసాలనూ వరసగా వెలుగుకు పెట్టి "అన్నీ ఒకేలా ఉన్నాయా?" అని మాత్రం అడగండి.

గింజ రెక్కలు తీసి, పెంకు పగలగొట్టి, లోపలి తెల్లపప్పు తీయాలి. ఒక్కో పప్పు 0.2 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. ఒక్కో సీసాకు కావాల్సిన పప్పు విడివిడిగా మెత్తగా నూరి, రెండు మూడు చెంచాల మంచినీళ్ళలో కలిపి, చిన్న సీసాలో అయిదు నిమిషాలు గిలక్కొట్టి, గుడ్డలో వడకట్టాలి. వచ్చిన పాలను బురదనీళ్ళలో పోయాలి. వడకట్టకుండా పిప్పితో సహా పోస్తే నీళ్ళు ఇంకా మబ్బుగా అవుతాయి.

మొదటి సీసాలో ఏమీ వేయకూడదు. అది లేకపోతే మిగతావాటికి పోల్చడానికి ఆధారం ఉండదు. తరవాతి వాటిలో అర గింజ, ఒకటి, రెండు, నాలుగు. ఆరోది పటిక సీసా. పటిక చాలా కొంచెం చాలు, దాన్ని నేరుగా తూచడం ఇంట్లో కుదరదు. అందుకని 5 గ్రాములు తూకం వేయించుకుని లీటరు నీళ్ళలో కరిగించాలి. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు ఆరో సీసాలో పోయాలి, అందులో 50 మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. ఈ లెక్క పిల్ల చేత కాగితం మీద చేయించండి. లెక్కల పుస్తకంలోని నిష్పత్తి దేనికి పనికొస్తుందో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని. గింజపాలు పోసిన వెంటనే పొడుగాటి పుల్లతో ఒక నిమిషం వడిగా కలపాలి. తరవాత అయిదు నిమిషాలు చాలా నెమ్మదిగా, నిమిషానికి పదిహేను ఇరవై చుట్ల చొప్పున కలపాలి. వడిగా కలిపితే గింజపాలు అంతటా చేరుతుంది. నెమ్మదిగా కలిపేటప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకుని పెరుగుతాయి. ఆరు నిమిషాలూ వడిగా కలిపేస్తే కట్టిన గడ్డలు మళ్ళీ విడిపోతాయి. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే, ఎందుకంటే నెమ్మదిగా తిప్పడం విసుగు. ఏమీ వేయని సీసానూ, పటిక సీసానూ కూడా ఇలాగే కలపాలి. ఆ తరవాత ఒకటి రెండు గంటలు సీసాల జోలికి వెళ్ళకూడదు. బల్ల కదిలినా అడుగు లేస్తుంది.

కొలవడానికి తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో నల్లటి ఇంటూ గుర్తు వేసి దానిమీద గాజు గ్లాసు పెట్టాలి. సీసా పైభాగంలోని నీళ్ళను సిరంజితో తీసి గ్లాసులో కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడాలి. గుర్తు ఎక్కడ మాయమవుతుందో అక్కడ ఆపి, నీటి ఎత్తు సెంటీమీటర్లలో రాయాలి. గ్లాసు నిండినా గుర్తు కనిపిస్తుంటే "15 సెం.మీ. కన్నా ఎక్కువ" అని రాసుకోవాలి, ఊహించి అంకె వేయకూడదు. అన్నిటికీ ఒకే గ్లాసు, ఒకే చోటు, ఒకే వెలుతురు ఉండాలి. చూసే కళ్ళు కూడా ఒకరివే అయి ఉండాలి. అక్క ఒకసారి తమ్ముడు ఒకసారి చూస్తే అంకెలు కలవవు. ఒక్కో సీసాకు మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. వీలైతే మొత్తం ప్రయోగం ఇంకో రోజు మళ్ళీ చేయాలి.

నాలుగు గింజల సీసా రెండు గింజల సీసా కన్నా మబ్బుగా ఉండవచ్చు. పిల్ల ఏడుపు ముఖంతో వస్తుంది, ప్రయోగం పాడైందనుకుంటుంది. మోతాదు మించితే మట్టి రేణువుల చుట్టూ ప్రొటీన్ పూర్తిగా కప్పేసి వాటికే ధనావేశం వస్తుంది. అవి మళ్ళీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అంటే ఆ మబ్బు సీసాలోనే ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికన్నా మంచి సంగతి ఉంది. మీరు ఇక్కడ "ఆ అంకె తీసేయ్, రెండు దాకానే రాయ్" అన్నారంటే పిల్లకు సైన్స్ బదులు ఇంకేదో నేర్పినట్టు. నీళ్ళు మరీ పల్చటి బురదైతే గింజలవల్ల పెద్ద తేడా కనిపించదు. అదీ రాయాల్సిన ఫలితమే.

తేరిన నీళ్ళు తాగకూడదు. మట్టి పోయినంత మాత్రాన క్రిములన్నీ పోవు. గింజలోని పదార్థం నీళ్ళలో మిగిలి మర్నాటికి వాసన కూడా వస్తుంది. ప్రతి సీసా మీద "తాగరాదు" అని పిల్లచేతే చీటీ అంటించండి. ఎగ్జిబిషన్‌లో చిన్నపిల్లలు తిరుగుతుంటారు.

ఈ మొత్తంలో పెద్దలు చేసేది గింజలు చెట్టునుంచి కోసివ్వడం, పటిక తూకం వేయించడం, బరువైన బకెట్టు ఎత్తడం. అంతే. పోసేటప్పుడు పిల్ల చెయ్యి వణికి నీళ్ళు ఒలుకుతుంటే "ఇటివ్వు" అని లాక్కోవాలనిపిస్తుంది. లాక్కోకండి. ఒలికితే మళ్ళీ నింపుకుంటుంది.

నోటుబుక్కు

జడ్జీలు మొదట అడిగేది ఇదే కాబట్టి చివర్లో ఫెయిర్ చేయించడం ఒక అలవాటైపోయింది. వద్దు. ప్రయోగం చేసిన రోజునే, తడి చేతి మరకతో సహా, తేదీ వేసి రాసింది అసలు నోటుబుక్కు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, రబ్బరుతో చెరపకూడదు. కొట్టేసిన అంకె కూడా ఒక్కోసారి తరవాత అవసరమవుతుంది. రాయడం కష్టమైన చిన్న తరగతుల పిల్లలవి తప్ప, పెద్దల చేతిరాత ఇందులో ఎక్కడా ఉండకూడదు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా

ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా తెలుగిళ్ళలో చాలామంది పిల్లలు ఒడియా మీడియంలో చదువుతారు. ఒడియా చదవడం రాని అమ్మానాన్నలు తాము సాయపడలేమని పక్కకు తప్పుకుంటారు. నిజానికి మీరే మంచి శ్రోతలు. పాఠంలో ఏముందో మీకు తెలియదు కాబట్టి పిల్ల మీకు మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, ఇవాళ ఏం చేశావో తెలుగులో చెప్పమనండి. ఎక్కడ తడబడుతుందో అక్కడ తనకే అర్థం కాలేదని తెలిసిపోతుంది. నాయనమ్మకు చెప్పించగలిగితే ఇంకా మంచిది.

ప్రయోగం జరుగుతున్నప్పటి నోట్సు ఏ భాషలో ఉన్నా, రెండూ కలిసిపోయినా ఫర్వాలేదు. ఛార్టు, చెప్పే మాటలు మాత్రం బడి భాషలో ఉండాలి. అందులోని సైన్సు మాటలు పిల్ల పాఠ్యపుస్తకంలోవే తీసుకోవాలి. తెలుగు వీడియోలు చూసి తెచ్చుకున్న మాటలు అక్కడ పెడితే జడ్జీకి అర్థం కాదు, పిల్ల కంగారు పడుతుంది. ఛార్టు రాసేముందు పెన్సిలుతో చిత్తు రాసి క్లాసు సారుకు చూపించి అక్షరదోషాలు దిద్దించుకోమనండి. చివరి వారం మాత్రం ఒడియాలో గట్టిగా చెప్పడం సాధన చేయాలి, పక్కింటి ఒడియా నేస్తం ఎదురుగా ఉంటే చాలు.

కరెంటు ప్రాజెక్టులు

ట్యాంకు నిండితే మోగే అలారం అందరూ చేసేదే. అయినా సరిగా చేస్తే మంచి పాఠం. 9 వోల్టుల బ్యాటరీ, బీసీ547 ట్రాన్సిస్టర్ (స్విచ్చులా పనిచేసే మూడు కాళ్ళ చిన్న భాగం), కరెంటును అదుపులో ఉంచే 1 కిలో ఓమ్ రెసిస్టర్, 9 వోల్టుల బజర్, వైర్లు చాలు. ట్రాన్సిస్టర్ చదును ముఖం మనవైపు, కాళ్ళు కిందికి పెడితే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్ బ్యాటరీ మైనస్‌కు, కలెక్టర్ బజర్ నల్లవైరుకు, బజర్ ఎర్రవైరు ప్లస్‌కు కలపాలి. ప్లస్ నుంచి ఒక వైరు నీళ్ళలోకి వెళ్తుంది. రెండో వైరు నీళ్ళలోంచి రెసిస్టర్ ద్వారా బేస్‌కు వస్తుంది. రెసిస్టర్ వదిలేస్తే, నీళ్ళలోని రెండు వైర్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. మోగకపోతే ముందు బజర్ వైర్లు తారుమారయ్యాయేమో, తరవాత ట్రాన్సిస్టర్ తిరగబడిందేమో చూడాలి. ఈ వెతుకులాట పిల్లలదే. కొన్ని రోజులు నీళ్ళలో ఉంచితే ప్లస్ వైపు రాగివైరు పచ్చబడి తినేసినట్టు అవుతుంది. ఎందుకని అడిగితే పదో తరగతి పిల్లలకు విద్యుద్విశ్లేషణ అక్కడే దొరుకుతుంది.

మోడల్‌ను ప్రయోగం చేయాలంటే బజర్ పక్కన పెట్టి, కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, నీళ్ళలోని వైర్లు, మీటరు ఒకే వరసలో కలపాలి. వైర్ల మధ్య దూరం 1, 2, 4, 8 సెంటీమీటర్లు మారిస్తే నీళ్ళలోంచి పారే కరెంటు ఎంత మారుతుంది? చిటికెడు ఉప్పు వేస్తే? మీటరును కరెంటు గుర్తు మీద ఉంచి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే లోపలి ఫ్యూజు పోతుంది, ఇది ముందే చెప్పాలి.

ఇంటి ప్లగ్గులోని 230 వోల్టులు ఏ తరగతి ప్రాజెక్టులోనూ వద్దు. పాత ఫోన్లలోని లిథియం బ్యాటరీలు విప్పడం, గుచ్చడం వద్దు. అతికించే పని ఉంటే సాల్డరింగ్ మీరే చేయాలి. దాని మొన 300 డిగ్రీలు దాటి ఉంటుంది. పిల్లలు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టినా బాగానే పనిచేస్తుంది.

పెద్దలే చేయాల్సినవి, అసలు చేయకూడనివి

కట్టర్, గ్లూ గన్, పొయ్యి మీద వేడి చేయడం, గాజు పగిలే పనులు పెద్దలవి. బాత్రూం కడిగే యాసిడ్ ఇంట్లో ఉన్నా ప్రాజెక్టుకు వాడకండి. ఆమ్లం కావాలంటే నిమ్మరసం, చింతపండు పులుసు ఉన్నాయి. బ్లీచింగ్ పౌడరును ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణాపాయం. పళ్ళు మగ్గబెట్టే కార్బైడ్ నీళ్ళు తగిలితే మండే వాయువును విడుస్తుంది, అది వద్దు. బాణాసంచా మందు విప్పడం వద్దు. రొట్టె మీద బూజు పెంచే ప్రాజెక్టులో సంచి మూతి టేపుతో మూసేసి మళ్ళీ తెరవకూడదు, అయిపోయాక మూసిన సంచిని అలాగే పారేయాలి. పేడ గ్యాసు సీసాలో పట్టి అంటించడం వీడియోల్లో కనిపిస్తుంది, గాలి కలిస్తే సీసా పేలుతుంది.

గడువు, ఖర్చు

మూడు వారాలు ఉంటే చాలు. మొదటి వారం ప్రశ్న, పథకం, సామాను, ఒక చిత్తు ప్రయోగం. ఈ చిత్తు ప్రయోగంలో ఏదో ఒకటి తప్పకుండా చెడుతుంది, అందుకే అది ముందు జరగాలి. రెండో వారం అసలు కొలతలు, కనీసం రెండుసార్లు. మూడో వారం ఛార్టు, చెప్పడం. గోడ క్యాలెండర్ మీద తేదీలు పిల్ల రాయాలి, గుర్తు చేయడం మీరు చేయాలి. ఖర్చు రెండు మూడు వందలు దాటుతుందంటే ప్రశ్న మళ్ళీ కుదించండి. ఛార్టు మీద అతికించే రంగురంగుల ప్రింటవుట్‌ల బదులు పిల్ల గీసిన బొమ్మ, గళ్ళ కాగితం మీద గ్రాఫు పెడితే ఖర్చూ తగ్గుతుంది, జడ్జీ ఆగి చూస్తారు కూడా.

బడిలో ఒక్కోసారి మెరిసే కొన్న మోడల్‌కే బహుమతి వస్తుంది. సొంతంగా చేసిన పిల్లకు అది బాధే, ఆ బాధను కొట్టిపారేయకండి. అయితే పై పోటీల్లో పరిస్థితి వేరు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు తమ చుట్టుపక్కల సమస్య మీద తాము చేసిన పని తామే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ పథకమైన ఇన్‌స్పైర్ మానక్‌లో ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోకి వస్తాయి. అక్కడ అడిగేది పిల్లల సొంత ఆలోచన. పేర్లు బడి ద్వారా వెళ్ళాలి కాబట్టి ఎగ్జిబిషన్ అయ్యాక హెడ్మాస్టరును కలిసి అడగండి.

ముందురోజు, ఆ రోజు

ముందురోజు రాత్రి కొత్తగా ఏదీ చేర్చకండి. సంచిలో ఏమేం సర్దాలో చీటీ పిల్లే రాయాలి: నోటుబుక్కు, ఛార్టు, టేపు, కత్తెర, అదనపు బ్యాటరీ, చేతిగుడ్డ, సీసాల కింద పరవడానికి పాత పేపర్లు. ఆటోలోనో బస్సులోనో సీసాలు కుదుపుకు కలిసిపోయి తేరిన నీళ్ళు మళ్ళీ బురదవుతాయి. అందుకని బురదనీళ్ళు, గింజలు విడిగా తీసుకెళ్ళి, స్టాలు తెరవడానికి రెండు గంటల ముందు అక్కడే కలుపుకోవాలి. ఇంట్లో తేరిన సీసాల ఫొటో తేదీతో సహా నోటుబుక్కులో అంటించి ఉంచితే, అక్కడ సరిగా తేరకపోయినా చూపించడానికి ఆధారం ఉంటుంది.

జడ్జీలు తరచుగా అడిగేవి కొన్నే. ఈ ప్రశ్న ఎందుకు ఎంచుకున్నావు? ఏమీ వేయని సీసా ఎందుకు? ఎన్నిసార్లు చేశావు? అనుకోనిది ఏం జరిగింది? ఇంకో నెల టైమిస్తే ఏం చేస్తావు? వీటికి జవాబులు బట్టీ పట్టించకండి, ఇంట్లో ఒకసారి అడిగి వదిలేయండి. తెలియనిదానికి "అది నేను చేసి చూడలేదు" అని చెప్పవచ్చని పిల్లకు చెప్పండి. ఆ జవాబుకు మార్కులు పోవు.

సామాను దింపి, బల్ల సర్దాక మీరు స్టాలు దగ్గర నిలబడకండి. జడ్జీ ప్రశ్న అడగ్గానే పిల్ల చూపు మీవైపు తిరుగుతుంది, మీ నోట్లోంచి జవాబు వచ్చేస్తుంది. పక్క స్టాళ్ళు చూస్తూ ఉండండి, లేదా వరండాలో కూర్చోండి. సాయంత్రం సీసాల్లోని మట్టి చెట్టు మొదట్లో పోసి, సీసాలు కడిగి, నోటుబుక్కు మీ బీరువాలో కాకుండా పిల్ల పుస్తకాల బీరువాలో పెట్టించండి. వచ్చే ఏడాది ప్రశ్న వెతుక్కోవడానికి మొదట తెరవాల్సింది అదే.